మాతృనామమున విద్యాదానము

బృహదారణ్యకోపనిషత్తు చివరి అధ్యాయమున గృహస్థుల కుద్దేశింపబడిన కొన్ని విధులు కలవు. వేదవిదుడగు కుమారుని కోరువారు ఏమి చేయవలెనో చెప్పుచు, నడుమ ఆ శ్రుతి మరియొక మాట చెప్పినది. పండితురాలగు కుమార్తె కలుగవలెననియు, ఆమె నిండు ఆయుర్దాయముతో జీవింపవలెననియు కోరు దంపతులు నువ్వులతో అన్నము వండించి, నేయి కలిపి భుజింపవలెనట! ఆడుపిల్ల పుట్టినదని వినగానే ముఖము చిన్నబుచ్చుకొను ఇండ్లు నేటికిని ఉన్నవి. అట్టివారు ఈ భాగమును ఒక్కమారైనను చదివిన మేలగును.

అయితే శ్రీ శంకర భగవత్పాదులవారు తమ భాష్యమున ఈ కుమార్తె పాండిత్యమును గృహతంత్రమునకు సంబంధించినదిగా వివరించిరి. అది వారి కాలమునందలి అధికారవిచారమును అనుసరించిన మాట. ఆ ఉపనిషత్తుననే మైత్రేయి కథయు ఉన్నది. యాజ్ఞవల్క్యుడు గృహమును వీడదలచి ఇరువురు భార్యలకును ఆస్తి పంచి యీయబూనెను. కుటుంబక్షేమమును తలచు యజమానుడు చేయవలసిన పనియే అది. ధనముతో నిండిన భూమి యంతయు తనదైనను అమృతత్వము లభించునా యని మైత్రేయి అడిగెను. లభింపదని ఋషి ఒప్పుకొనెను. అట్లయిన మీరెరిగిన విద్యనే నాకిండని ఆమె కోరెను. ఆడుదానికి ఇది యేల యని ఆయన అనలేదు. ప్రీతితో చెంత కూర్చుండబెట్టుకొని బోధించెను.

గృహతంత్రమునకు చాలినంత విద్య ఒకటి, మైత్రేయి అడిగిన విద్య మరియొకటి. మన దేశమున స్త్రీవిద్యా చరిత్ర అంతయు ఈ రెంటి నడుమ ఊగిసలాడుచు వచ్చినది. ఒక్క దానమును తీసికొని చూతము.

పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో ధోండో కేశవ కార్వే అను గణితోపాధ్యాయుడుండెను. ఆయన మొదటి భార్య గతించిన పిమ్మట, 1893లో, పండిత రమాబాయి శారదాసదనమున చదువుకొనిన ఒక వితంతువును వివాహమాడెను. స్వగ్రామమగు మురుడ్ ఆయనను వెలివేసెను. ఆయన కోపగింపలేదు, 1896లో వితంతువుల కొక ఆశ్రమమును నెలకొల్పెను. కొలదికాలమునకు అది ఊరి వెలుపల హింగణే గ్రామమునకు మారినది. పగలు కళాశాలలో పాఠము చెప్పుట, సాయంకాలము బురదదారిన నడచి ఆశ్రమమును చేరుట, నడుమ దొరికినవారినెల్ల చందా అడుగుట, ఇదియే ఆయన నిత్యానుష్ఠానము. తపస్సనగా అడవిలోనే చేయునది యనుకొనువారు ఈ బురదదారిని జ్ఞప్తియందుంచుకొందురు గాక!

టోకియోలోని స్త్రీల విశ్వవిద్యాలయమును గూర్చిన ఒక చిన్న పుస్తకము ఆయన చేతికి వచ్చెను. దాని ప్రేరణచే 1916లో భారతదేశమున మొదటి మహిళా విశ్వవిద్యాలయము వెలసినది. కళాశాలలో చేరిన విద్యార్థినులు అయిదుగురు! నవ్వినవారు లేకపోలేదు. బోధన మాతృభాషలో సాగెను. ఆంగ్లము ఒక పాఠ్యవిషయముగ నుండెను. రూపాయి, అర్ధరూపాయి ఇచ్చిన అజ్ఞాత దాతల వలననే ఆ సంస్థ నాలుగేండ్లు బ్రతికినది.

1920లో బొంబాయి నూలుమిల్లుల యజమాని సర్ విఠల్‌దాస్ దామోదర్ ఠాకర్సీ దానికి 15 లక్షల రూపాయలు ప్రకటించెను. సహకారోద్యమమున పనిచేసినవాడగుటచే, చిన్న మొత్తములు కూడి పెద్ద కార్యములగుట ఆయన ఎరుగును. విశ్వవిద్యాలయమునకు తన తల్లి నాథీబాయి పేరుంచవలెనని కోరెను. నాటినుండి అది శ్రీమతి నాథీబాయి దామోదర్ ఠాకర్సీ మహిళా విశ్వవిద్యాలయమైనది.

ఇచ్చట ఒక సందేహము కలుగును. ప్రత్యుపకారము కోరక, దేశకాలపాత్రములెరిగి యిచ్చినది సాత్త్వికదానమనియు, ఫలాపేక్షతో ఇచ్చినది రాజసమనియు గీతాచార్యుడు విభజించినాడు గదా! పేరు కోరుట రాజసము కాదా? మన దేవాలయములలో దీపస్తంభము మొదలు మెట్లవరకు దాతల పేర్లే చెక్కబడియుండుట చూచినవారికి ఈ ప్రశ్న తోచుట సహజము. ఠాకర్సీ కోరినది తన పేరు కాదు, తల్లి పేరు. తల్లిని దైవముగ నెంచుమని తైత్తిరీయమున గురువు శిష్యునకు ఉపదేశించెను. తన తల్లి ఋణము తీర్చుకొనుటకు ఎందరో తల్లులకు విద్య నిచ్చుట ఆ ఉపదేశమునకు తగిన అనుష్ఠానమే యని మా యభిప్రాయము. శ్రద్ధతోను, తన శక్తికి తగినట్లును, వినయముతోను, ఎరుకతోను ఈయవలెనని ఆ గురువే చెప్పినాడు. ఎరుక యనగా పుచ్చుకొనువారికి నిజముగ కావలసిన దేమో తెలియుట.

ఆంధ్రదేశమునకును ఇది క్రొత్త కాదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినపుడు, కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారి ధనము వెనుక నిలిచినది. సంస్కర్త పేరు పిల్లలకు తెలియును. వర్తకుని పేరు పెద్దలకైనను తెలియుట అరుదు.

కార్వేగారి పాఠ్యక్రమమున గృహనిర్వహణము, ఆరోగ్యశాస్త్రము ముఖ్యస్థాన మొందినవి. స్త్రీలకు వేరు చదువేల, ఇది వారిని వెనుకకు నెట్టుట కాదా యని నాటి సంస్కర్తలలోనే కొందరు ఆక్షేపించిరి. తల్లి చదివిన బిడ్డలు ఆరోగ్యముగ పెరుగుదురు, ఇంట అప్పు తగ్గును, ఆపదలో కుటుంబము నిలుచును. ఇదంతయు సత్యమే. కాని స్త్రీకి విద్య కుటుంబము కొరకు మాత్రమే యనుట, దీపమును ఇంటిలో పెట్టుకొని దానికి చమురేల యని అడుగుట వంటిది. ఆత్మకు స్త్రీపురుష భేదము లేదని నమ్మువారు విద్యకు ఎల్లలు గీయజాలరు. విద్య నిచ్చి విడువుడు, తమ సమస్యలను స్త్రీలే పరిష్కరించుకొందురని స్వామి వివేకానందులు పలుమారులు హెచ్చరించిరి.

ఆ విశ్వవిద్యాలయము పట్టభద్రురాండ్రకు మొదట ఇచ్చిన బిరుదులను గమనింపుడు. మొదటి పట్టము ‘గృహీతాగమ’, అనగా శాస్త్రమును గ్రహించినది. దానిపై పట్టము ‘ప్రదేయాగమ’. గ్రహించిన శాస్త్రము తనయందే నిలిచిపోక, ఇతరులకు ఈయదగినదగుట ఆ పేరునందే కలదు. పుచ్చుకొనినది ఈయవలసినదగుచున్నది, దాత యొకడు, యాచకుడొకడు అను భేదము అక్కడ అంతరించుచున్నది.

ఠాకర్సీ 1922లో, ఏబదియేండ్లు నిండకయే, కాలధర్మము నొందెను. భార్య ప్రేమలీల చిన్నవయస్సుననే వితంతువయ్యెను. కార్వే ఎవరికొరకు హింగణేలో కుటీరము కట్టెనో అట్టి దుఃఖమే ఆ సంపన్న గృహమునకును వచ్చినది. ఆమె ఇంటిలో మూలను కూర్చుండలేదు. విశ్వవిద్యాలయ కార్యభారమును వహించెను. 1936లో ప్రధాన కార్యాలయము బొంబాయికి మారెను. 1951లో ఆ సంస్థ శాసనబద్ధమైన విశ్వవిద్యాలయమైనపుడు, ఏ అత్తగారి పేర అది వెలసెనో ఆ యింటి కోడలే దానికి మొదటి ఉపాధ్యక్షురాలయ్యెను. అప్పటికి కార్వేగారికి 93 ఏండ్లు.