సంతవీధిలో ఆడుకొను పిల్లలు

మత్తయి 11:16, 17 చదువుడి. సంతవీధిలో పిల్లలాడు పెండ్లి ఆట, ఏడ్పు ఆట ప్రభువెరుగును. దానినే తన బోధకు తీసికొనెను.

విశాఖపట్టణపు జాలరిపేటలలో బిడ్డలు ఇసుకలో తెప్పకట్టి, చేపలమ్మి, బేరమాడుదురు. మాటయు లెక్కయు అక్కడనే అబ్బును. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకపు అంగన్‌వాడీలలోను ఆటపాటలతోనే చదువు. మన ఆదివారపు బడిలోనో, మూడేండ్లవానికి చేతులు కట్టించి కూర్చుండబెట్టుదుము. నేనును అట్లే చేసితిని; ఒక బిడ్డ మందిరపు గడప దాటనని ఏడ్చెను.

ఇప్పుడు వరండా మూలను చాపపరచి, కొబ్బరి చిప్పలు, పాత చీర, చిరిగిన వలముక్క ఉంచితిమి. మొన్న వారు గలిలయ తుపాను ఆడిరి. పేతురైన పిల్లవాడు యేసును కుదిపి, “బాబూ, లెగు! మునిగిపోతన్నాం!” అని నిజముగానే ఏడ్చెను. ఆ దినమున వాని తండ్రి వేటకు పోయి సముద్రముమీదనే యుండెను.