రోగాల చుట్టరికం, కర్మ ప్రశ్న

బిడ్డకు నయంకాని జబ్బు వస్తే ఏ జన్మలో ఏ పాపం చేశామో అని తల్లిదండ్రులు కుమిలిపోవడం తెలుగునాట అంతటా ఉన్నదే. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకొని, కోరిక తీరాక 108 చేసే భక్తుల్లోనూ ఆ దిగులు మోసేవారు ఉంటారు. ఆ మొక్కును ఆక్షేపించవలసిన పని లేదు. ఆ అపరాధభావం నిజమైనదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

దీనికి జవాబు జన్యువుల్లో వెతకాలి. శరీరానికి కావలసిన ప్రొటీన్లను ఎలా తయారుచేయాలో చెప్పే వంశపారంపర్య సమాచారాన్ని జన్యువు అంటారు. 2007లో బరాబాసి, మార్క్ విడాల్ తదితర శాస్త్రవేత్తలు 1,284 వ్యాధులను, వాటితో ముడిపడిన 1,777 జన్యువులను తీసుకొని, ఒకే జన్యువుతో సంబంధమున్న రెండు వ్యాధుల మధ్య ఒక గీత గీస్తూ పోగా, 867 వ్యాధులకు కనీసం ఒక చుట్టమైనా ఉన్నట్టు తేలింది. ఒకే హేతువు నుంచి అనేక వ్యాధులు పుట్టవచ్చనీ, ఒక వ్యాధే మరొకదానికి హేతువు కావచ్చనీ ఆయుర్వేద గ్రంథమైన చరకసంహితలోని నిదానస్థానం ఏనాడో చెప్పింది. పూర్వకర్మను దైవమనే పేరుతో అంగీకరించిన ఆ గ్రంథమే, బలమైన పురుషకారం, అంటే ఈ జన్మలో మనిషి చేసే ప్రయత్నం, బలహీనమైన దైవాన్ని జయిస్తుందని కూడా చెప్పింది. కర్మ పేరు చెప్పి చేతులు ముడుచుకునేవారు ఈ రెండో మాటను మరుస్తారు.

క్లోమగ్రంథిలో రాళ్లు ఏర్పడి, కడుపునొప్పితో మొదలై క్రమంగా మధుమేహానికి దారితీసే ఒక జబ్బు ఉష్ణమండల దేశాల్లో మద్యం ముట్టని పడుచువారికీ వస్తుంది. ఒకప్పుడు కర్రపెండలం తినడమే కారణమని అనుమానించారు. 2002లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన గిరిరాజ్ రతన్ చాందక్ తదితరులు ఈ రోగుల్లో స్పింక్-1 జన్యువులోని ఒక మార్పు ఎక్కువగా ఉన్నట్టు చూపారు. ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైము గ్రంథినే అరిగించకుండా అడ్డుకునే ప్రొటీన్‌కు ఆధారం ఆ జన్యువే. అయితే ఆ మార్పు ఉన్నవారందరికీ జబ్బు రాదు. నొప్పి, చక్కెర అనే రెండు కష్టాలు వేర్వేరు పాపాలకు వేర్వేరు శిక్షలు కావనీ, ఆ రోగిని తాగుబోతని అనుమానించడం అన్యాయమనీ ఈ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

శిక్ష అన్న భావన నిలవదనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆంధ్ర వైశ్యుల్లో ఉంది. వేల ఏళ్లుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల, తొలి పూర్వీకులైన కొద్దిమందిలో ఉన్న ఒక అరుదైన మార్పు వారిలో మిగతావారికంటే ఎక్కువగా నిలిచిపోయింది. బ్యూటిరైల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైము కొరవడేలా చేసే ఆ మార్పు మామూలు జీవితంలో ఏ కీడూ చేయదు; శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ శరీరంలో పడితే మాత్రం, నిమిషాల్లో తగ్గవలసిన దాని ప్రభావం గంటల తరబడి వదలదు, మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. ఇరవయ్యో శతాబ్దంలో వాడుకలోకి వచ్చిన ఒక మందు కోసం అన్ని తరాలు కాచుకొని కూర్చున్న పాపమేదో ఊహించడం కష్టం. ఇంట్లో ఎవరికైనా మత్తుమందుతో ఇలాంటి ఇబ్బంది కలిగిందని బంధువులు ముందే చెబితే, మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకుంటాడు.