విధవరాలి పేరు తిట్టుగా మారుట తగునా?

మా నాయనమ్మ నన్ను ముద్దుగా మందలించినప్పుడెల్ల వాడిన మాట ‘వెధవ’. పలక పగులగొట్టినను, సాయంకాల ప్రార్థనలో కునికిపాట్లు పడినను ఆ మాటయే. అందులో కోపముకంటె ప్రేమయే హెచ్చు. ఆమె 30 ఏండ్లు నిండకమునుపే భర్తను పోగొట్టుకొనిన స్త్రీ. తాను పలుకుచున్నది తన పేరేయని ఆమె యెరుగదు, నేనును యెరుగను. పెద్దవాడనై వేదాంత విద్యార్థిగా నిఘంటువులు తిరుగవేయుచుండగా తెలిసినది: ‘వెధవ’ అనునది ‘విధవ’ అను సంస్కృత శబ్దమునకు వికృతి. మగపిల్లవానిని కించపరచుటకు మన భాష భర్త చనిపోయిన స్త్రీ పేరును వెదకి తెచ్చుకొనినది.

స్త్రీలను తిట్టుటకు పూర్వకాలపువారు వాడిన ‘ముండ’ అను మాట చరిత్ర ఇంతకంటె విచారకరమైనది. ఇటువంటి పుటలలో అచ్చువేయుటకు సంకోచింపదగిన మాటయే. అయినను రోగము పేరు చెప్పక వైద్యము చేయలేము. సంస్కృతములో ‘ముండ’ మనగా గొరిగిన తల. భర్త గతించిన స్త్రీకి శిరోముండనము చేయించు దురాచారము కొన్ని అగ్రవర్ణములలో, ముఖ్యముగా బ్రాహ్మణ కుటుంబములలో, 20వ శతాబ్దములోనికి కూడ సాగినది. తల గొరిగింపబడినది గనుక ఆమె ‘ముండ’. భర్తను కోల్పోవుట ‘ముండమోయుట’. ఆ ఆచారములేని కులములలోనికి సహితము తిట్టు మాత్రము ప్రవేశించినది. క్రమేణ దానికి శీలము చెడినదను అర్థము కూడ పట్టినది. ఇది తెలుగువారి దోషము మాత్రమే కాదు. హిందీలో ‘రాండ్’ అనగా విధవరాలు. దానికి చుట్టమైన ‘రండీ’ అనగా వేశ్య.

ఎందుచేత ఇట్లు జరిగినది? స్త్రీకి గౌరవము భర్తవలననే కలుగునని తలంచు సమాజములో, భర్తలేని స్త్రీ కాపలాలేని పొలమువలె కనబడును. ఆమె చేసినదేమియు లేకున్నను అనుమానము ఆమెను వెంటాడును. మొదట ఆమె దుఃఖమునకు గుర్తు పెట్టితిమి. పిమ్మట ఆ గుర్తునే నేరముగా ఎంచితిమి.

‘విధవ’ అను మాటకు మొదట ఈ నింద లేదు. పూర్వ పండితులు దానిని ‘ధవుడు లేనిది’ అని విడదీసిరి. అయితే భాషాశాస్త్రము చెప్పునది వేరు. లాటినులోని ‘విదువా’, ఆంగ్లములోని ‘విడో’ దీనికి తోబుట్టువులు. వాటి మూలార్థము ఎడబాటు. భర్త యను అర్థముగల ‘ధవ’ శబ్దమే ‘విధవ’ను విడదీయగా తరువాత పుట్టినది. కావున ఆ మాట మొదట దుఃఖమునకు పేరు. నిందకు పేరు కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టుచున్నది. అర్థము తెలియక పలికిన మాటలో దోషమున్నదా? మాటకు అర్థము నేటి వాడుకయే గాని నాటి పుట్టుక కాదని కొందరందురు. వారి వాదములో సత్యము లేకపోలేదు. మా నాయనమ్మ నన్ను దూషించినదని నేననను. దేవుడు హృదయమును చూచువాడు. అయినను పలుకువాని హృదయముతోనే మాట పని ముగియదు. అది వినువారిలోను పనిచేయును.

నాకు 9 ఏండ్లప్పుడు మా మేనత్త వివాహము జరిగినది. దేవాలయములో, సిలువ గురుతు ఎదుట, వధువును కన్నతల్లి చిట్టచివరి బల్లయొద్ద గోడకు ఆనుకొని నిలిచియుండెను. ఆమెను అచ్చట నిలువుమని యెవరును చెప్పలేదు. ముందుకు రమ్మని యెవరును పిలువను లేదు. తాను ఎదురుపడుట అశుభమని ఆమె యెచ్చట నేర్చుకొనెను? ప్రసంగపీఠమునుండి కాదు, చిన్ననాటినుండి చెవినిబడిన మాటలనుండియే. అర్థము తెలియకనే మాట పాఠము చెప్పగలదనుటకు ఇంతకంటె సాక్ష్యము నాకక్కరలేదు.

ఆదికాండము 38వ అధ్యాయమును చదువుడి. యూదా తన కోడలైన తామారును విధవరాలిగా పుట్టింటనుండుమని పంపివేసి, షేలా పెద్దవాడైనను ఆమెను అతనికియ్యలేదు. ఆమె వైధవ్యపు వస్త్రములు తీసివేసి ముసుగు వేసికొని త్రోవలో కూర్చుండగా, అతడే ఆమెను వేశ్య యనుకొనెను. ఆమె గర్భవతియని వినినప్పుడు దహింపుడని తీర్పు చెప్పినవాడును అతడే. మన తిట్టులోని రెండర్థములు ఈ యొక్క స్త్రీ బ్రదుకులోనే కలిసికొనినవి. ఆమెను దిక్కులేనిదానిగా విడిచినవాడే ఆమెను చెడినదనెను. అయితే ముద్రయు దారమును కఱ్ఱయు ఎదుట పెట్టబడినప్పుడు, ఆమె తనకంటె నీతిమంతురాలని అతడు ఒప్పుకొనవలసివచ్చెను.

మత్తయి సువార్త తొలి పుటలోనే ఆ తామారు పేరున్నది. రూతు విధవరాలు, ఊరియా భార్యగా పేర్కొనబడినదియు భర్తను కోల్పోయిన స్త్రీయే. వారి సరసన వేశ్యయైన రాహాబు కలదు. లోకము ఏ పేరులను తిట్లుగా వాడుచున్నదో ఆ పేరులుగల స్త్రీలను దేవుడు తన కుమారుని వంశావళిలో వ్రాయించెను. అపొస్తలుడైన పౌలు 1 తిమోతి 5:3లో విధవరాండ్ర విషయమై వాడిన గ్రీకు క్రియ, ఎఫెసీ 6:2లో తలిదండ్రులను గూర్చి వాడిన క్రియయే. తల్లికి ఏ గౌరవమో ఆమెకును ఆ గౌరవమే.

1856లో వితంతు పునర్వివాహ శాసనము వచ్చినది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఎదిరింపుల నడుమ మొదటి వితంతు వివాహము జరిపించిరి. 1882లో విధవరాలైన పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనమును స్థాపించి, హెబ్రీ గ్రీకు మూలములనుండి బైబిలును మరాఠీలోనికి తెచ్చెను. ఆమె మరణించిన రెండేండ్లకు, 1924లో, అది వెలువడినది. లోకము తిట్టుగా వాడిన పేరును మోసిన స్త్రీ చేతిమీదుగా దేవుని వాక్యము ఒక జాతికి అందినది.

శాసనములు ఆచారమును వంచగలవు, నాలుకను వంచలేవు. ఆ పని మనదే. నా నోటికిని ఆ మాట అలవాటుగా వచ్చుచునే యున్నది; వచ్చినప్పుడెల్ల ఆ చివరి బల్ల జ్ఞాపకమునకు వచ్చును. ప్రియ చదువరులారా, మన పిల్లలను మందలించుటకు తెలుగున మాటలకు కొదువలేదు. ఈ రెండింటిని విడిచిపెట్టుదము. అయితే మాట మానుట చాలదు. ఈ సంవత్సరము మన సంఘములో జరుగు పెండ్లిండ్లలో విధవరాలైన తల్లి యొకతె వెనుక నిలిచియున్నచో, ఎవరో ఒకరము లేచి వెళ్లి ఆమె చేయిపట్టుకొని ముందు వరుసకు తీసికొని వత్తము. మన నాలుక చేసిన గాయమును మన చేతులైనను కట్టును గాక.