ఎవరి అప్పు, ఎవరి పాస్‌పోర్టు?

మా హైదరాబాద్‌లో గల్ఫ్ నౌకరీ ఉన్న దుల్హాకి జహేజ్ ఎక్కువ. వీసా మగవాడి చేతిలో ఉంటే లెక్క ఇలా నడుస్తుంది. మరి వీసా ఆడపిల్ల చేతిలో ఉంటే? బ్రిటన్‌లోని మీర్‌పూరీ ముస్లింల సంగతి చూడాలి.

పాకిస్తాన్ అధీనంలోని కశ్మీర్‌లో 1960లలో మంగ్లా డ్యామ్ కట్టినప్పుడు మీర్‌పూర్ ప్రాంతంలో దాదాపు లక్షమంది ఇల్లూ పొలం పోగొట్టుకున్నారు. ఆ ప్రాంతం నుంచి ఎందరో బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల్లో కూలికి చేరారు. అన్న అక్కడ రాత్రి షిఫ్టు చేస్తే, తమ్ముడు ఇక్కడ అమ్మీ అబ్బాలను చూసుకున్నాడు. అన్న సంపాదనలో తమ్ముడి వాటా ఉందనేది బిరాదరీ న్యాయం. 1971 నాటి బ్రిటన్ చట్టం 1973లో అమల్లోకి వచ్చాక కూలికి పోయే దారి దాదాపు మూసుకుపోయింది. నికా దారి మిగిలింది. అన్న కూతురు, తమ్ముడి కొడుకు. బాకీ చెల్లు.

దీన్ని అమ్మకం అనడానికి నాకు నోరు రాదు. అన్నదమ్ముల మధ్య మాట నిలబెట్టుకోవడం తప్పా? ఇష్టపడి చేసుకున్న ఆడపిల్లలూ ఉన్నారు. కానీ అప్పుపడింది అబ్బా. తీర్చింది బేటీ.

మెహర్ పెళ్లికూతురి హక్కు. భర్త ఇవ్వాలి, ఆమె చేతికే అందాలి. ఇక్కడ ఆమెకున్న పెద్ద ఆస్తి పాస్‌పోర్టు. దాని విలువ అటు పోతోంది. నికానామాలో దాన్ని రాసేవాళ్లెవరు?

సర్కారు తక్కువ తినలేదు. 1980లలో వలస కోసం చేసుకున్న పెళ్లి కాదని రుజువు చూపించమంది. 1997లో ఆ నియమం పోయింది. 2012లో భర్తను పిలిపించుకునే ఆమెకు ఏడాదికి 18,600 పౌండ్ల సంపాదన ఉండాలన్నారు. 2024లో దాన్ని 29,000 చేశారు. అంటే అబ్బా బాకీ తీర్చడానికి బేటీ ఓవర్‌టైమ్ కూడా చెయ్యాలి. పేదింటి పిల్ల ప్రేమించి చేసుకున్నా అదే తూకం.

పెళ్లిలో లెక్క ఉండటం పాపం కాదు. ఒకరి సొత్తుతో ఇంకొకరి లెక్క తీర్చడం పాపం. ఖాజీ సాబ్ ‘కబూల్ హై?’ అని అడగకముందే ఇంట్లో అబ్బా ఒక మాట చెప్పాలి: ‘బేటీ, ఈ బాకీ నాది, నీది కాదు. వద్దంటే నా పొలమిచ్చి తీర్చుకుంటా.’ ఆ మాట వినని పిల్ల చెప్పే ‘కబూల్’ ఎవరిది?