వ్యాజ్యమును విడుచుట యెవరి హక్కు?

న్యాయస్థానముల నీడలో వ్రాయబడు దస్తావేజులలో చెల్లుచీటి వంటి విచిత్రమైనది మఱియొకటి లేదని నాకు తోచును. భూమి నమ్మినవాడు భూమిని కోలుపోవును. ఆ భూమి మఱియొకని స్వాధీనమున నున్నను కంటి కగపడుచునే యుండును. కాని, సొమ్ము ముట్టినదనియు, ఇకమీదట ఈ విషయమై యే దావాయు వేయననియు వ్రాసి యిచ్చినవాడు కోలుపోవునది కంటి కగపడునది కాదు. తనకు జరిగిన యన్యాయమును పదుగురి యెదుట పెట్టి, దీనికి సమాధానము చెప్పుమని యెదుటివానిని నిలదీయగల శక్తిని అతడు విడిచిపెట్టుచున్నాడు. పుచ్చుకొన్నవానికి దక్కునదియు అనుభవింపదగిన వస్తువు కాదు, తనను నిలదీయువారు ఇక లేరన్న నిశ్చింత మాత్రమే. ఇట్టి శక్తిని సొమ్మునకు మార్చుకొనవచ్చునా, ఉచితముగ వదలుకొనవచ్చునా, ఒకని పక్షమున మఱియొకడు విడువవచ్చునా యన్న విచారము వకీళ్లకు చట్టవిచారమే కావచ్చును గాని, మూలమున నది ధర్మవిచారము.

విడుచుటయే తప్పని నే ననను. తగవులాడి గెలిచినవానికంటె రాజీపడి యింటికి పోయినవాడే సుఖపడెనని మన పల్లెలలో పెద్దలు చెప్పుమాటలో అనుభవమున్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము సైతము, తనకు రావలసినదానిని పూర్తిగానో కొంతగానో వదలుకొను స్వేచ్ఛను 63వ సెక్షనున ఒసగుచునే, ఒప్పందమువలన తనకు గలుగు హక్కులకై యెన్నడును కోర్టు గడప నెక్కనని సంపూర్ణముగ కట్టుబడు షరతును 28వ సెక్షనున చెల్లదని త్రోసివైచినది. చేతికి రాదగినదానిని వదలుకొనవచ్చును గాని, అడుగు నోటినే కుట్టివేసికొనరాదన్న వివేకము అందున్నది. విడుచువాని మనఃస్థితిని గూర్చి మన స్మృతికారులు మఱింత నిశితముగ యోచించిరి. బలాత్కారముచేతను వంచనచేతను నడచిన వ్యవహారములను త్రిప్పివేయవలెనని చెప్పిన యాజ్ఞవల్క్యుడు, మత్తుడు, ఉన్మత్తుడు, బాలుడు, భీతుడు మున్నగువారు నడపిన వ్యవహారములు సిద్ధింపవనెను. ఆ వరుసలో ఆర్తుని పేరును గలదు. విజ్ఞానేశ్వరుడు ఆ స్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచింపగా, పదుమూడవ శతాబ్దమున కేతన దానిని తెలుగు పద్యములకెక్కించెను గనుక, ఈ యాలోచన తెలుగువారికి నిన్న మొన్న కోర్టులవెంట వచ్చినది కాదు.

ఆర్తుని ఆ వరుసలో చేర్చిన చూపు సామాన్యమైనది కాదు. ఆర్తునిపై ఎవ్వరును కత్తి దూయరు, ఎవ్వరును అబద్ధమాడరు. ఆసుపత్రి మంచముపై నున్నవాని యాకలియే, చేతిలో చిల్లిగవ్వ లేని విధవ యవసరమే వారి చేయి పట్టి సంతకము చేయించును. సర్వోన్నత న్యాయస్థానము 2008లో ఒక బీమా తగవును విచారించుచు, పూర్తి సొమ్ము ముట్టినదని ముందుగ సంతకము చేసిననేగాని ఒప్పుకొన్న కొంచెపు సొమ్మునైన చెల్లింపమని బీమా సంస్థలు పట్టుబట్టు వాడుకను ప్రస్తావించి, అట్లు ఒత్తిడిచే రాబట్టిన చెల్లుచీటి తగవును ముగింపజాలదని చెప్పినప్పుడు, స్మృతికారుడు చెప్పిన ఆర్తుడే మరల కోర్టులో నిలుచున్నట్లు నాకు తోచినది.

ఇంతవరకు విడుచువాడు తాను పడిన బాధనే విడుచుచున్నాడు. ఒకరు పడిన బాధను మఱియొకరు విడుచునప్పుడు చిక్కు ముదురును. దీనిని భారతము ఉద్యోగపర్వమున మన ముందుంచినది. సంజయునితో ధర్మరాజు, అర్ధరాజ్యము రాకున్నను అయిదూళ్లిచ్చిన చాలునని చెప్పి పంపెను. అది నేటి మాటలో పూర్తి పరిష్కారమునకు చేసిన ప్రతిపాదనయే, ధర్మజునకు తగిన ఔదార్యమే. రాజ్యము తనది గనుక దానిలో కొంత వదలుకొనుటకు అతడు కర్త. కాని శ్రీకృష్ణుడు రాయబారమునకు వెడలనున్న వేళ, ద్రౌపది దుశ్శాసనుడు పట్టి యీడ్చిన తన తలవెండ్రుకలను చేతబట్టి చూపి, భర్తలు పోరకున్న తన తండ్రియు సోదరులును, అభిమన్యుని ముందిడుకొని తన కొడుకులును పోరుదురని పలికిన ఘట్టమును తిక్కన తెలుగు చేయగా చదివినవారికి, ధర్మరాజు లెక్కలో నెక్కని పద్దు ఒకటి మిగిలియున్నదని తెలియకపోదు. ఊళ్లను విడుచుట అతని వశము. ఆ కేశములకు జరిగిన యవమానమును విడుచుట అతని వశము కాదు. అతడు భర్త, రాజు, ధర్మమూర్తి, అయినను కాదు.

ఈ ఘట్టము మనస్సున మెదలినప్పుడెల్ల నాకు భోపాలు జ్ఞప్తికి వచ్చును. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి ఆ నగరములోని యూనియన్ కార్బైడు పురుగుమందుల కర్మాగారమున మిథైల్ ఐసోసయనేటు నిలువచేసిన తొట్టిలో నీరు చేరి, విషవాయువు వెలువడి, ఆ రాత్రియు పిదప దినములలోను వేలమంది పేదలను బలిగొన్నది. మఱుసటి యేడు పార్లమెంటు చేసిన చట్టము, బాధితులందఱి పక్షమున దావా వేయు హక్కును కేంద్రప్రభుత్వము చేతిలో నుంచినది. తల్లిదండ్రులు లేని బిడ్డకు రాజే తండ్రి యన్న ప్రాచీనభావమే దాని కాధారము. ఈ తగవును అమెరికాలోనే తేల్చుమని ప్రభుత్వము అడుగగా, 1986లో న్యాయమూర్తి జాన్ కీనన్ దానిని భారత న్యాయస్థానములకు మరలించెను. ప్రభుత్వము కోరినది 330 కోట్ల డాలర్లు. 1989 ఫిబ్రవరి 14న సర్వోన్నత న్యాయస్థానమున కుదిరిన రాజీలో వచ్చినది 47 కోట్ల డాలర్లు. ఆ సొమ్ముతో సకల దావాలును తీరినట్లే. క్రిమినలు కేసులు సైతము కొట్టివేయబడినవి. సంతకము చేసినవారిలో ఆ గాలి పీల్చినవా డొక్కడును లేడు.

ప్రభుత్వపక్షమున చెప్పదగినది లేకపోలేదు, దానిని దాచుట న్యాయము కాదు. తరములు సాగు వ్యాజ్యమున తీర్పు వచ్చునంతలో వాది చచ్చుట ఈ దేశమున సామాన్యము. బాధితులకు తక్షణోపశమనము కావలెనన్నదే న్యాయస్థానము చూపిన ముఖ్యకారణము. ఊపిరాడనివానితో హక్కుల నిత్యత్వమును గూర్చి ప్రసంగించుట క్రౌర్యమనువారికి నా వద్ద సులభమైన సమాధానము లేదు. కాని సంరక్షకునకును ఒక హద్దున్నది. బాలుని పక్షమున రాజీపడువాడు కోర్టు అనుమతి పొందవలెనని సివిలు ప్రొసీజరు కోడు శాసించుట, పోషకుని ప్రేమనైన నమ్ముదుము గాని అతని తొందరను నమ్మమని చెప్పుటకే గదా! పైగా భోపాలు బాధితులలో అనేకులు బాలురు కారు. వారికి నోరున్నది, వీధులలోనికి వచ్చి చెప్పుచునే యుండిరి. 1989 డిసెంబరులో ఆ చట్టము చెల్లునని తీర్పు చెప్పిన సర్వోన్నత న్యాయస్థానమే, రాజీకి ముందు వారి మాట వినవలసియుండెనని యంగీకరించి, ఆ లోపము పునర్విచారణలో తీరునని సరిపుచ్చినది. సంతకమైన పిదప వినుట వినుటయేనా యన్నది నా సందేహము.

1991 అక్టోబరున వెలువడిన పునర్విచారణ తీర్పు రాజీని నిలిపియుంచి, క్రిమినలు కేసులను మాత్రము పునరుద్ధరించినది. నష్టపరిహారమును విడువవచ్చును, నేరమును విడువరాదన్న యీ విభజనలో నాకు గొప్ప ధర్మసూక్ష్మము కనిపించును. ఏలయన సొమ్ము నష్టపడినవానిది, నేరమన్నచో నష్టపడినవానితో ముగియునది కాదు. భాగవత ప్రథమస్కంధమున అశ్వత్థామ కథ యీ సూక్ష్మమునే చూపుచున్నది. నిద్రించుచున్న అయిదుగురు కొడుకులను చంపినవానిని అర్జునుడు కట్టి తెచ్చి నిలుపగా, గురుపుత్రుడనియు, తనవలె వాని తల్లి కృపి యేడ్వరాదనియు ద్రౌపది వానిని విడువుమన్నది. ఈ విడుపునకు విలువ యెక్కడినుండి వచ్చినది? కడుపుకోత ఆమెది; ఆ మాట ఆమె నోట వచ్చినది; ఆ పక్కన భీముడు చంపుడని కేకలు వేయుచుండగా, ఏ యొత్తిడియు లేక, ఏ ప్రతిఫలమును కోరక వచ్చినది. ఉద్యోగపర్వమున వెండ్రుకలను చూపిన ద్రౌపదియే యీమె. క్షమింప నెఱుగని దగుటచే నాడు రాజీని ఎదిరింపలేదు, తన్నడుగని క్షమను ఎదిరించినది. ఆమె విడిచినను అశ్వత్థామ శిరోమణిని కోలుపోయి, తల గొఱిగించుకొని శిబిరమునుండి వెడలెను: ప్రాణము దక్కినది, చేసినది చేయనట్లు కాలేదు.

భోపాలు కేసులో దోషులుగ తేలిన కంపెనీ యధికారులకు 2010లో క్రింది కోర్టు విధించిన శిక్ష రెండేండ్ల ఖైదు. ఆ యేడే, పరిహారము చాలలేదని కేంద్రప్రభుత్వము తాను స్వయముగ కుదిర్చిన రాజీని తిరుగదోడుమని వేడగా, 2023 మార్చిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యర్జీని త్రోసివైచినది. మోసము రుజువు కానిదే, రెండు దశాబ్దములు గడచిన పిదప చెల్లిపోయిన తగవును తెరువరాదన్నది చట్టరీత్యా తప్పని చెప్పలేము. అయినను అదే తీర్పులో మఱియొక మాట గలదు: అప్పటికింకను రోగలక్షణములు బయటపడనివారి కొఱకు వైద్యబీమా చేయింపుమని 1991లోనే కోర్టు చెప్పగా, ప్రభుత్వము ఆ పని చేయలేదని ధర్మాసనము మందలించినది. ఇంకను పుట్టని బిడ్డల హక్కునుగూడ వారి పక్షమున విడిచినవాడు, వారికై మోయుమన్న ఆ యొక్క భారమును మోయలేదు. ముందుగ అడిగియుండినచో భోపాలు తల్లులలో ఎందఱు విడిచియుండెడివారో, ఎందఱు విడువకుండెడివారో చెప్పజాలము. రెండును వారి హక్కులే.