పొగాకు నమ్మువాని స్వాతంత్ర్యము

సిగరెట్టు పెట్టెలపై భయంకరములైన బొమ్మలు ముద్రింపించుటయు, బడుల చెంత పొగాకు అమ్మకమును నిషేధించుటయు ప్రజల స్వాతంత్ర్యమునకు భంగమని మా మిత్రుడొకడు ఇటీవల మాతో వాదించెను. ఎవరి ఊపిరితిత్తులు వారివి. వానిని చెఱుపుకొను హక్కును వారిదే యని ఆయన సిద్ధాంతము. వాదము గంభీరముగానే యున్నది. కాని యిందు భంగపడుచున్న స్వాతంత్ర్య మెవరిదో కొంచెము విచారింపవలసి యున్నది.

2003వ సంవత్సరపు పొగాకు చట్టమును చదివినవారికి, అది త్రాగువానికంటె అమ్మువానినే యెక్కువగా కట్టడి చేయుచున్నదని తెలియగలదు. బహిరంగస్థలములలో త్రాగరాదన్నమాట నిజమే. తన యింట త్రాగువాని జోలికి అది పోదు. పత్రికలలో ప్రకటింపరాదు, పదునెనిమిదేండ్లు నిండనివారికి అమ్మరాదు, విద్యాలయమునకు నూఱు గజముల లోపల అమ్మరాదు అను విధులన్నియు వర్తకునకే. 2016 ఏప్రిల్ నుండి పెట్టె ముఖమున 85 శాతము హెచ్చరికయే యుండవలెననిరి. దానికి వర్తకులు న్యాయస్థానముల కెక్కిరి. 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు ఆ నియమమును కొట్టివేయగా, మఱుసటి నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపెను. తన సరకు గుణమును తానే చెప్పుకొనుటకు ఇంతగా జంకిన వర్తకుని మేము వేఱొకచోట చూడలేదు.

మన తాతలు చుట్టలు త్రాగిరి, వారి కెవ్వరు ప్రకటనలు వేసిరని మా మిత్రుని రెండవ ప్రశ్న. సత్యమే. శ్రీకాకుళపు తీరమున పేద స్త్రీలు నిప్పున్న కొనను నోటిలోని కుంచుకొని అడ్డపొగ త్రాగుట ఏ కంపెనీయు నేర్పినది కాదు. వారి అంగిలిలోని పుండ్లును, పిమ్మట క్యాన్సరును ఆచారము పెట్టిన భిక్షము. కాని కన్యాశుల్కములో వెంకటేశమునకు చుట్ట కాల్చుట నేర్పినవాడెవడు? గిరీశము గదా! ఆ పిల్లవానికి కావలసినది పొగ కాదు, గురువుగారి ఠీవి. ప్రకటన చేయు పనియు నిదియే. నేటి వర్తకునకు ఇట్టి గిరీశములు వేలకొలది కావలెను. చట్టము వారిని పత్రికలనుండి వెడలగొట్టగా, పాన్ మసాలా వేషమునను ఏలకుల వేషమునను అదే పేరుతో మరల రంగమెక్కుచున్నారు. గుట్కాను నిషేధించినచోట్ల మసాలా నొక పొట్లమునను పొగాకును వేఱొక పొట్లమునను కట్టి, కలుపుకొను శ్రమ కొనువానికే విడిచిరి. ఇట్టివారి నోటినుండి స్వాతంత్ర్యమను మాట వినుట మాకు కష్టముగా నున్నది. ఎంచుకొనుటకు తగిన బుద్ధి పండకముందే కోరికను నాటువాడు ఎంపికను గౌరవించువాడు కాడు.

అయినను చట్టమునందు ఒక పెద్ద సందు కలదు. 85 శాతపు బొమ్మ పెట్టెమీద నున్నది. పిల్లవాడు పెట్టెను కొనడు. కిళ్ళీకొట్టువాడు పెట్టె విప్పి ఒక్క సిగరెట్టు తీసి యిచ్చును. ముట్టించుకొనుటకు నిప్పు త్రాడు వ్రేలాడుచునే యుండును. బొమ్మ కొట్టులోనే నిలిచిపోవును. మహారాష్ట్ర ప్రభుత్వము 2020లో ఈ విడి అమ్మకమును నిషేధించినది. కొట్టువాని పొట్ట కొట్టుట న్యాయమా యని అడుగవచ్చును. ఆ ప్రశ్నకు మాయొద్ద సులభమైన సమాధానము లేదు; ఆతని లాభము అత్యల్పమని యెఱుగుదుము.

శిక్షల విషయము మఱియు విచిత్రము. పిల్లవానికి పొగాకు అమ్మినవానికి 2003 చట్టము ప్రకారము జరిమానా 200 రూపాయలకు మించదు. 2015 నాటి బాలల న్యాయ చట్టమో, అదే పనికి ఏడేండ్లవఱకు కఠిన కారాగారమును లక్ష రూపాయలవఱకు జరిమానాను చెప్పుచున్నది. ఒకే దోషమును ఒకచోట గురిగింజతోను మఱియొకచోట బండరాతితోను తూచినచో జనులు రెంటిని నమ్మకుందురు.

ఇక గుంటూరున 1976 నుండి పొగాకు బోర్డు కలదు. పొగాకు ఎగుమతిని పెంపొందించుట దాని విధులలో నొకటి. ఒక మంత్రిత్వశాఖ బొమ్మలు ముద్రింపించుచుండగా వేఱొక శాఖ ఆకునకు బేరము వెదకుచున్నది. ప్రకాశము జిల్లా రైతునకు వేఱు పైరు చూపక ఈ బోర్డును తిట్టుట మాకు సమ్మతము కాదు. అయినను మన బిడ్డకు విషమైనది ఓడ యెక్కి పరదేశపు బిడ్డ చేతికి పోవునప్పటికి సరకగుట యెట్లో మాకు బోధపడలేదు.

ఇంతవఱకు మా మిత్రుడు శ్రద్ధగానే వినెను. అంత తన పదుమూడేండ్ల కుమారుని పిలిచి, చిల్లర చేతబెట్టి, వీధి మొగకు పంపెను. పిల్లవాడు ఒక్క సిగరెట్టుతో తిరిగివచ్చెను. అమ్మినవాడు నేరస్థుడు, పంపినవాని కేమి పేరు పెట్టవలెనో ఆయననే అడుగవలసినది. మేమును ఆ యింటి కాఫీ త్రాగుచుంటిమి గనుక అడుగలేకపోతిమి.