ఎక్కించువాడు లేని మనిషి

ధ్యానభాగము: యోహాను 5:1–9



యెరూషలేములో గొఱ్ఱెల ద్వారము దగ్గర బేతెస్ద అను కోనేరు ఉండెను. దాని మంటపములలో రోగులు గుంపుగా పడియుండిరి. వారిలో ఒకడు 38 ఏండ్లనుండి వ్యాధితోనున్నవాడు. బాగుపడ నిష్టమా అని ప్రభువు అడిగినప్పుడు అతడు తన రోగమునుగూర్చి చెప్పుకొనలేదు. తనను నీళ్లలోనికి దించు మనిషి లేడనియు, తాను కదలులోగా వేరొకడు ముందుగా దిగిపోవుచున్నాడనియు మొరపెట్టుకొనెను. కోనేరు అందరిదే. అయినను కాళ్లున్నవానికే అది అందెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల నాకు పల్లె బస్సు స్టేజీ జ్ఞాపకము వచ్చును. వేపచెట్టు క్రింద ఒక ముసలమ్మ ఆసుపత్రి చీటీలు సంచిలో పెట్టుకొని కూర్చుండును. బస్సు రాగానే పడుచువారు పరుగెత్తి ఎక్కుదురు. ఆమె కఱ్ఱ పట్టుకొని లేచులోగా రైట్ రైట్ అను కేక వినబడును. ఆమెకు దుమ్మే మిగులును. డ్రైవరును తిట్టవచ్చును, కాని అతనికి టైము తరుముచుండును. కండక్టరును తిట్టవచ్చును, కాని అతని చుట్టు నిండు బస్సున్నది. ఆమె పక్షమున మాటలాడువాడు లేడు. అసలు కొరత అదియే.

బస్సు సంగతి మనకెందుకని అనుకొందుము. 1932లో నిజాము రాజ్యపు రైల్వేవారు 27 బస్సులతో ఆరంభించిన పని పెరిగి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఆయెను. రాష్ట్రము రెండైన తరువాత సంస్థయు రెండాయెను. ఇట్టి సంస్థలకు ఆధారమైన 1950 నాటి చట్టములోనే సలహా మండలులను ఏర్పరచుటకు వీలున్నది. 2023లో తెలంగాణలో సంస్థ ఉద్యోగులలో కొందరిని విలేజి బస్ ఆఫీసర్లుగా నియమించి, గ్రామస్థుల అవసరములు తెలిసికొను ఏర్పాటు చేసిరి. వినుటకు తలుపు కొంత తెరచియున్నది. చెప్పువారే కావలెను. అయితే ప్రయాణికుల సలహా సంఘములో కూర్చుండుమని అడిగినప్పుడు మనవారు తప్పించుకొందురు. జీతము లేదు, పేరు రాదు, ఒక పూట కూలి పోవును.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము చూడుడి. దినదినము జరుగు పంపకములో గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రను విడిచిపెట్టుచున్నారని సణుగు పుట్టెను. అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. మంచిపేరు గల 7 మందిని ఏర్పరచుకొనుడని సంఘమునకు చెప్పిరి. ఆ 7 పేరులును గ్రీకు పేరులే. అన్నము పంచు పనికే ఆత్మతో నిండినవారు కావలసివచ్చిరి. అట్లయిన బస్సు వేళలు చక్కబెట్టు పని భక్తునికి తక్కువ పనియా?

ఈ పని ఎట్లు చేయవలెనో నెహెమ్యా నేర్పును. యెరూషలేము చేరి 3 దినములైన తరువాత అతడు రాత్రివేళ లేచి, పడిన గోడలను తన కన్నులతో చూచెను; ఆ తరువాతనే పెద్దలతో మాటలాడెను. మీరును సభలో కేకలు వేయకుడి. ఒక నెల నోటుపుస్తకములో వ్రాయుడి: బస్సు ఎప్పుడు రావలెను, ఎప్పుడు వచ్చెను, ఎందరు ఎక్కిరి, ఎందరు మిగిలిరి, బడి విడిచిన పిల్లలు ఎంతసేపు నిలిచిరి. తెలంగాణలో 2023 డిసెంబరు 9నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15నుండి స్త్రీలకు పల్లెవెలుగు బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. మంచిదే. కాని ఎక్కలేని ఆమెకు ఆ ఉచితము ఏమి మేలు చేయును?

ఇప్పుడొక కఠినమైన ప్రశ్న. ఒక్క ట్రిప్పు మాత్రమే మార్చగలమని డిపోవారు చెప్పిరనుకొనుడి. మన ఆదివారపు ఆరాధన వేళకు అడుగుదుమా? బుధవారము ఆసుపత్రి వేళకు అడుగుదుమా? సంఘము పంపిన మనిషి గనుక గుడి బస్సే అడుగవలెనని కొందరందురు. ప్రియులారా, ప్రభువు ఆ దినములలో యెరూషలేమునకు వచ్చినది పండుగకు. ఆ దినము విశ్రాంతిదినము. అయినను ఆయన మంటపములలో పడియున్నవానియొద్దకు వెళ్లెను. ఆదివారము మనము రెండు కిలోమీటర్లు నడువగలము. బుధవారము ఆ ముసలమ్మ అంత దూరము నడువలేదు. ఆమె మన మందిరమునకు ఎన్నడును రాకపోవచ్చును. అయినను ఆమె మాటనే ముందు చెప్పుడి. మన ఆదివారపు మనవి తరువాత చెప్పవచ్చును.

బేతెస్దలో ఆ రోగి ప్రక్కనుండి 38 ఏండ్లలో ఎందరు నడిచిపోయిరో! వారిలో భక్తులును ఉండియుందురు. మన స్టేజీలో అట్లు జరుగకుండును గాక.

ప్రార్థన: ప్రభువా, మేము ముందుగా ఎక్కి కూర్చున్న దినములను క్షమించుము. వెనుక మిగిలినవారిని చూచు కన్నులను, వారి పక్షమున సాత్వికముగా మాటలాడు నోటిని మాకు దయచేయుము. ఆమేన్.